కోఠి నుంచి అబిడ్స్ దాకా: ఫాల్గుణంలో ఒక శని, ఆదివారాలు ఎలా గడపాలి

హైదరాబాద్‌కి వసంతం పంచాంగం కంటే ముందే వస్తుంది. లెక్కకి చైత్ర, వైశాఖ మాసాలు వసంత రుతువు. కానీ ఉగాది వెళ్ళిన రెండో వారానికే ఇక్కడ మధ్యాహ్నం రోడ్డు మీద నిలబడలేం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక, ఉగాది దాకా కొన్ని వారాలు దొరుకుతాయి. ఈ ఊరికి అసలు వసంతం అదే. పొద్దున చల్లగాలి ఉంటుంది. రావిచెట్లు రాగిరంగు చిగుళ్ళు వేస్తాయి. వేపపూత వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండానే ముక్కుకి తగులుతుంది. సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది.

ఆ రోజుల్లో ఒక శని, ఆదివారాలు ఖాళీగా దొరికితే మాల్‌కి, రిసార్ట్‌కి వద్దు. కోఠి, సుల్తాన్ బజార్, జాంబాగ్, మొజంజాహి మార్కెట్, అబిడ్స్: ఈ కాస్త మేరా నడవండి. ఒక చివర నుంచి ఇంకో చివరికి కిలోమీటరున్నర ఉంటుంది, అంతే. నేను ఈ వీధుల్లో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాను. తిరిగి తిరిగి నాకు అర్థమైంది ఒకటే: ఈ చోటుని రెండు రోజులూ చూడాలి. శనివారం దుకాణాలు తెరిచి ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది. ఆదివారం షట్టర్లు దించాక, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఒక్కరోజే చూసి వెళ్ళినవాళ్ళు సగం కోఠినే చూసినట్టు.

ముందుగా తేదీ చూసుకోండి

క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మూడు విషయాలు చూడండి. మొదటిది హోలీ. ఆ రోజు పొద్దున కోఠి, బేగంబజార్ వైపు రంగులు గట్టిగా ఆడతారు. ఆడటానికి వెళ్తే పాత బట్టలు వేసుకుని వెళ్ళండి. నడకకి, పుస్తకాలకి మాత్రం ఆ రోజు పనికిరాదు. రెండోది శ్రీరామనవమి. సీతారాంబాగ్ నుంచి బయలుదేరే శోభాయాత్ర బేగంబజార్, గౌలిగూడ, పుత్లీబౌలి మీదుగా కోఠి దాకా వచ్చి, సుల్తాన్ బజార్ హనుమాన్ వ్యాయామశాల దగ్గర ముగుస్తుంది. చైత్ర పౌర్ణమికి హనుమాన్ జయంతి యాత్ర గౌలిగూడ రామమందిరం నుంచే మొదలవుతుంది. ఆ రెండు రోజులూ ట్రాఫిక్ మళ్ళిస్తారు, దుకాణాలు చాలావరకు మూసేస్తారు. యాత్ర చూడాలనుకుంటే వెళ్ళండి, బజారు చూడాలనుకుంటే వద్దు.

మూడోది రంజాన్. కొన్నేళ్ళుగా రంజాన్ వసంతం రోజుల్లోనే వస్తోంది. అలా కలిసొస్తే వదులుకోకండి. పగలు ఇరానీ హోటళ్ళు కొన్ని పరదా వేసి ఉంచుతాయి. ఇఫ్తార్ అయ్యాక మొజంజాహి మార్కెట్, నాంపల్లి వైపు హలీమ్ బట్టీల దగ్గర జనం పెరుగుతారు. మిగతా ఏడాదంతా నోట్లో పెట్టుకోని హలీమ్‌ని ఆ నెలలో వేడివేడిగా తినడం ఈ ఊరి వసంతంలో ఒక భాగమైపోయింది.

నన్నడిగితే అన్నిటికంటే మంచిది ఉగాదికి ముందు వచ్చే శని, ఆదివారాలు. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

ఎలా చేరాలి, ఏం పట్టుకెళ్ళాలి

కారు వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. పార్కింగ్ దొరకదు, దొరికినా రోజంతా మనసు దాని మీదే ఉంటుంది. మియాపూర్–ఎల్బీనగర్ లైన్‌లో వచ్చేవాళ్ళు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠిలో ఉంటారు. గాంధీభవన్‌లో దిగితే మొజంజాహి మార్కెట్ దగ్గర. సికింద్రాబాద్, చిక్కడపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకి జేబీఎస్–ఎంజీబీఎస్ లైన్‌లో సుల్తాన్ బజార్ స్టేషన్ ఉంది. బస్సులైతే ఊరి ప్రతి మూల నుంచీ కోఠికి వస్తాయి. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు.

రెండు గుడ్డసంచులు, ఒక నీళ్ళసీసా, టోపీ లేదా కాటన్ చున్నీ, చిల్లర. ఫోన్‌పే అన్ని చోట్లా నడుస్తుంది కానీ, బేరం కుదిరాక యాభై రూపాయల నోటు చేతిలో పెట్టడం వేరు. చెప్పులు కొత్తవి వేసుకోకండి. టాయిలెట్ సంగతి ముందే చెబుతాను, ఎందుకంటే ఆడవాళ్ళకి ఇక్కడ అసలు ఇబ్బంది అదే: మెట్రో స్టేషన్‌లో దిగగానే ఒకసారి, భోజనానికి కూర్చున్న హోటల్లో ఒకసారి. మధ్యలో నమ్ముకోదగ్గ చోటు తక్కువ.

శనివారం పొద్దున: కోఠికి ఆ పేరు తెచ్చిన ఇల్లు

ఎనిమిదిన్నరకల్లా కోఠిలో ఉండండి. దుకాణాలు తెరవడానికి పదకొండవుతుంది. ఆ రెండున్నర గంటలూ వీధి మీది, చెట్లది.

మొదట కోఠి బస్టాప్ దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారక స్తంభం వెతకండి. బస్సుల మధ్యలో కంటికి ఆనదు. రోజూ వేలమంది దాని పక్కనుంచే వెళ్తారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీద, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్) నివాసం మీద, దాడి చేశారు. ఢిల్లీ, మీరట్ తిరుగుబాట్లు పాఠాల్లో చదువుకున్నాం కానీ, మన ఊళ్ళో జరిగింది బస్టాప్‌లో నిలబడి తెలుసుకోవాలి. అక్కడ రెండు నిమిషాలు ఆగి, వాళ్ళు దాడి చేసిన ఆ భవనం వైపు నడవండి.

అదే ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం, మన నోట్లో ఇంకా కోఠి ఉమెన్స్ కాలేజీ. కోఠి అంటే పెద్ద బంగళా. ఈ బంగళా వల్లే ఈ పేటకి ఆ పేరు. 1803 ప్రాంతంలో రెసిడెంట్ జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ముందు ఆకాశాన్ని తాకే స్తంభాలు, మెట్లకి రెండు వైపులా రాతి సింహాలు. 1949లో కాలేజీ ఇందులోకి వచ్చాక, తరతరాల తెలుగు ఆడపిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఇది చదువుల ఆవరణ కాబట్టి తోసుకుని లోపలికి వెళ్ళకూడదు. గేటు దగ్గర మర్యాదగా అడగండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. అనుమతి దొరికితే లోపల ఒకటి తప్పక చూడండి: ఆ భవనానికే చిన్న నమూనా. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం పరదాలో ఉండేది కాబట్టి భవనం ముందువైపు ఎలా ఉంటుందో ఆమె చూడటానికి దాన్ని కట్టించాడని చెబుతారు. ఆ చిన్న బొమ్మ ముందు నిలబడితే రెండు వందల ఏళ్ళ కిందటి ఒక ఇంటి సంగతి మన ఇంటి సంగతిలా అనిపిస్తుంది. లోపలికి పంపకపోతే బాధపడకండి. మీరు చూడాల్సింది ఇంకా చాలా ఉంది.

పది గంటల వేళ: రెసిడెన్సీ బజార్‌లో తెలుగు

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారుని రెసిడెన్సీ బజార్ అనేవారు. అదే తర్వాత సుల్తాన్ బజార్ అయింది. నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా ఇది చాలాకాలం బ్రిటిష్‌వాళ్ళ అధికారం కింద నడిచింది. అందుకే నిజాం ఆంక్షలు ఇక్కడ అంతగా సాగేవి కావు. సభలు, సంఘాలు, గ్రంథాలయాలు ఈ కాస్త చోటులో ఎందుకు పుట్టాయో దీంతో అర్థమవుతుంది. ఆర్యసమాజం 1892లోనే ఇక్కడికి వచ్చింది.

మీరు వెతకాల్సింది శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నవాళ్ళు. ఉర్దూ రాజభాషగా, బళ్ళలో తెలుగుకి చోటు లేని రోజుల్లో ఒక తెలుగు గ్రంథాలయం పెట్టడమంటే మాటలు కాదు. సుల్తాన్ బజార్ సందుల్లో ఇప్పటికీ ఉంది. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి ఒక గంట కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పిల్లలు వెంట ఉంటే వాళ్ళకి ఆ 1901 అన్న అంకె చూపించండి. మూసి ఉంటే సాయంత్రం ఇటు వస్తూ మళ్ళీ చూడండి.

తెలుగు పుస్తకాలు కొత్తవి కావాలనుకునేవాళ్ళు ఇక్కడి నుంచి కాచిగూడ చౌరస్తా వైపు వెళ్తే నవోదయ బుక్ హౌస్ ఉంది. ఇది శనివారమే పెట్టుకోండి. ఆదివారం మీద నమ్మకం పెట్టుకోవద్దు.

పదకొండు దాటాక: సుల్తాన్ బజార్, బడీచౌడీ

ఇప్పుడు షట్టర్లు లేస్తాయి. పదకొండు నుంచి ఒంటిగంట దాకానే ఇక్కడ తిరగండి. సాయంత్రం ఐదు తర్వాత భుజం భుజం రాసుకుంటుంది. పొద్దున పూట దుకాణదారుడికి కూడా ఓపిక ఉంటుంది, బోణీ బేరం కాబట్టి కాస్త తగ్గుతాడు.

వసంతంలో ఇక్కడ కొనాల్సింది నూలు బట్ట. ఎండలు ముదిరాక అందరూ కాటన్ కోసం వస్తారు, అప్పుడు ధరా పెరుగుతుంది, మంచి రంగులూ అయిపోతాయి. ఇప్పుడైతే నారాయణపేట, మంగళగిరి చీరలు నింపాదిగా విప్పి చూపిస్తారు. చీర కొన్నాక అక్కడే మ్యాచింగ్ సెంటర్లో జాకెట్ గుడ్డ తీసుకోండి. చీరని దుకాణం గడప దాటించి వెలుతురులో పెట్టి రంగు కలపండి, లోపలి ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చ, నెమలికంఠం ఒకేలా కనిపిస్తాయి. ఫాల్, పీకో అదే సందులో ఇస్తే సాయంత్రానికి చేతికి వస్తుంది. లేసులు, గుండీలు, గాజులు, రబ్బరు బ్యాండ్ల దగ్గర నుంచి అన్నీ బండ్ల మీదే దొరుకుతాయి.

బేరం ఎలా ఆడాలి? బండి మీద, ఫుట్‌పాత్ మీద ఆడండి. బోర్డు ఉన్న పెద్ద దుకాణాల్లో ఆడకండి, అక్కడ సాధారణంగా ఒకటే ధర. మొదట ధర అడిగి ఊరుకోండి. వెంటనే సగానికి అడగాలని ఎవరో చెప్పిన సూత్రం పాటించకండి. ఎర్రటి ఎండలో నిలబడి అమ్మేవాళ్ళ దగ్గర పది రూపాయల కోసం పావుగంట పీడించడం నాకు నచ్చదు. మీకు న్యాయమనిపించిన ధర ఒక్కసారి చెప్పండి. కుదిరితే తీసుకోండి, లేదంటే నవ్వి ముందుకు నడవండి. పిలుస్తారు. పిలవకపోతే ఆ ధరకి వాళ్ళకి గిట్టదని అర్థం.

ఇక ఉగాది ముందు శనివారం మంచిదని ఎందుకన్నానంటే: ఆ రోజు ఈ ఫుట్‌పాత్‌లు ఇంకో ఊరిలా మారిపోతాయి. మామిడాకుల కట్టలు, వేపపూత పొట్లాలు, పిందెమామిడికాయలు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మట్టికుండలు. పచ్చడికి కావలసిన ఆరు రుచులూ ఒక్క వీధిలో సంచిలో పడతాయి. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో పగులుంది. కొన్న కుండని ఒక రాత్రంతా నీళ్ళల్లో ముంచి ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, తర్వాత వాడండి. అయితే కుండని నడకంతా మోయలేరు. దాన్ని ఇంటికి తిరిగి వెళ్ళే ముందు కొనండి.

పరీక్షల రోజులు కూడా ఇవే. కోఠిలో పాత పాఠ్యపుస్తకాలు అమ్మే దుకాణాలకి ఇంటర్, డిగ్రీ పిల్లలు వస్తుంటారు. మీ ఇంట్లో పిల్లల పరీక్షలు అయిపోతే ఆ పుస్తకాలు కట్ట కట్టి తెచ్చి ఇక్కడ ఇచ్చేయండి. పెద్ద డబ్బు రాదు, కానీ ఇంకెవరో చదువుకుంటారు.

మధ్యాహ్నం: నీడ పట్టున

ఒంటిగంట నుంచి నాలుగు దాకా నడవకండి. ఫాల్గుణమైనా ఆ మూడు గంటలు ఎండ చురుకుగానే ఉంటుంది. బ్యాంక్ స్ట్రీట్, ట్రూప్ బజార్ మీదుగా అబిడ్స్ వైపు వచ్చేయండి. ట్రూప్ బజార్‌లో లైట్లు, కుళాయిలు తప్ప ఇంకేమీ ఉండవు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు త్వరగా దాటేయొచ్చు. శాకాహారం అయితే అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో భోజనం చేయండి. శనివారం ఇడ్లీ, దోశ వేళ దాటాక భోజనం వేళకి కాస్త ఖాళీ దొరుకుతుంది. తొందరపడకుండా తిని, చివర్లో ఒక కాఫీ తాగి లేవండి. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఇక్కడి నుంచి ఇంటికి పంపేసినా తప్పులేదు. సాయంత్రం మళ్ళీ మొజంజాహి మార్కెట్ దగ్గర కలవమనండి.

శనివారం సాయంత్రం: జాంబాగ్, మొజంజాహి మార్కెట్

నాలుగున్నరకి జాంబాగ్ రోడ్డు పట్టుకోండి. అక్కడ వివేకవర్ధిని విద్యాసంస్థల ముందు ఆగండి. 1921 నవంబర్ 12న వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్ర సంఘ సంస్కర్త ధోండో కేశవ్ కార్వే అధ్యక్షుడు. అందరూ ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషుల్లో మాట్లాడుతుంటే ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మొదలుపెట్టారు. సభలో చప్పట్లు కొట్టి, ఎగతాళి చేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొంతమంది తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాత అదే ఆంధ్ర మహాసభ అయింది. తెలంగాణ చరిత్రలో పెద్దపెద్ద విషయాలన్నిటికీ దారి వేసిన అవమానం ఈ వీధిలో జరిగింది. పొద్దున చూసిన భాషా నిలయం, ఇప్పుడు చూస్తున్న ఈ చోటు, రెండూ ఒకే కథ. మధ్యలో ఇరవై నిమిషాల నడక.

అక్కడి నుంచి మొజంజాహి మార్కెట్. సూర్యుడు పడమటికి వాలేటప్పుడు చేరాలి. 1935లో నల్లరాతితో కట్టిన మార్కెట్ ఇది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. చాలా ఏళ్ళు బోర్డులు, వైర్లు, మసి కింద కనిపించకుండా పోయింది. బాగు చేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఆ గడియారం గోపురం కింద, లోపలి ఆవరణలో ఖాళీ కుర్చీ దొరికితే కూర్చోండి. దీపాలు పెట్టే వేళకి రాయి రంగు మారుతుంది, అది చూడటానికే రావాలి.

ఐస్‌క్రీం ఇక్కడే తినాలి. ఫేమస్, షా లాంటి పాత దుకాణాలు పండ్లతో చేసిన ఐస్‌క్రీం అమ్ముతాయి. ఏం తినాలంటే, ఆ రోజుల్లో ఏ పండు వస్తోందో అది అడగండి. ఫాల్గుణంలో సపోటా, అంజీర్ బాగుంటాయి. మామిడిపండు ఇంకా రాదు. ఇప్పుడు మామిడి అడిగితే నిరుటి గుజ్జే అవుతుంది. మామిడి కోసం ఏప్రిల్ చివర మళ్ళీ రండి.

పక్కనే కరాచీ బేకరీ. దేశ విభజన తర్వాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో ఇక్కడే మొదలుపెట్టారు. ఫ్రూట్ బిస్కట్ల డబ్బా ఊళ్ళో బంధువులకి, ఉస్మానియా బిస్కట్లు మీకు. కోఠి వైపు తిరిగి వెళ్ళేవాళ్ళు గోకుల్ చాట్ దగ్గర ఆగొచ్చు. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడ బాంబు పేలిన సంగతి ఈ ఊరు మరిచిపోలేదు. అయినా జనం వచ్చి అక్కడే నిలబడి చాట్ తింటారు. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాను.

ఆదివారం తెల్లవారి: బండి దోశ, చింతచెట్టు

నిద్ర లేవగలిగితే ఆరింటికే మొజంజాహి మార్కెట్‌కి రండి. రామ్ కీ బండి అనే దోశల బండి తెల్లవారుజామునే మొదలై, ఎండ ఎక్కకముందే ముగిసిపోతుంది. పెనం మీద వెన్న కరిగే చప్పుడు వింటూ నిలబడి తినాలి. ఆలస్యమైతే లైను పెద్దదవుతుంది. మెట్రోలో వచ్చేవాళ్ళు ఆదివారం మొదటి రైలు ఎన్నింటికో ముందురోజే చూసుకోండి.

తిన్నాక ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ వెళ్ళండి, దగ్గరే. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు, దాదాపు నూట యాభై మంది ఆ చెట్టెక్కి బతికారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించడం, ఉస్మాన్‌సాగర్ కట్టడం జరిగాయి. ఈ నెలల్లో చింతచెట్లకి కాయలు పండి వేలాడుతుంటాయి. ఆస్పత్రిలో రోగుల బంధువులు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఉంటారు. గట్టిగా మాట్లాడకండి, వాళ్ళు కనపడేలా ఫోటోలు తీయకండి. చెట్టుని చూసి, చేత్తో ఒకసారి తాకి వచ్చేయండి.

అక్కడి నుంచి గన్‌ఫౌండ్రీకి వస్తే సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్ దగ్గర ఆదివారం పూజ గంటలు వినిపిస్తాయి. ఈస్టర్‌కి ముందు మట్టల ఆదివారం అయితే కొబ్బరి మట్టలు పట్టుకుని వచ్చే కుటుంబాలతో ఆ రోడ్డంతా నిండిపోతుంది.

ఆదివారం పది గంటలు: పుస్తకాల ఫుట్‌పాత్

ఇక అసలు పని. అబిడ్స్ జీపీవో (పెద్ద పోస్టాఫీసు) దగ్గర నెహ్రూ విగ్రహం ఆనవాలు పెట్టుకోండి. అక్కడి నుంచి రోడ్డుకి రెండు పక్కలా, నిన్న మీరు నడిచిన దుకాణాల ముందే, పుస్తకాలు పరిచి ఉంటాయి. నిన్న బూట్లు అమ్మిన షట్టర్ ముందు ఇవాళ నవలలు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల వచ్చిన పేరు ఈ పేటది. దుకాణం ఎప్పుడో పోయినా పేరు నిలిచింది. మా తరానికి మాత్రం అబిడ్స్ అంటే ఆదివారం పుస్తకాలే.

పదింటికి రండి. అప్పటికి మూటలు విప్పడం అవుతుంది. పదకొండున్నర దాటితే మంచివి వెళ్ళిపోతాయి, ఎండా వస్తుంది. మొదటి చుట్టు ఏమీ కొనకుండా ఒక చివర నుంచి ఇంకో చివరికి నడవండి. ఎవరి దగ్గర ఏముందో కళ్ళతో పట్టుకోండి. ఒకరి దగ్గర ఇంజనీరింగ్ పుస్తకాలు ఉంటాయి, ఒకరి దగ్గర పిల్లల బొమ్మల పుస్తకాలు, ఒకరి దగ్గర ఇంగ్లీషు నవలలు గుట్టగా పోసి ఏదైనా ఒకటే ధర. తెలుగు పుస్తకాలు తక్కువ, అవి గుట్ట అడుగున ఉంటాయి. అందుకే కూర్చోవాలి. నిలబడి వంగి చూసేవాళ్ళకి తెలుగు పుస్తకం దొరకదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ పక్కకి తీసి, చూశాక మళ్ళీ అలాగే సర్దండి. అలా సర్దేవాళ్ళని అమ్మేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. తర్వాతి వారం వెళ్తే, "సార్, మీ తెలుగువి కొన్ని వచ్చాయి, పక్కన పెట్టాను" అంటారు.

కొనే ముందు ఇలా చూడండి. మొదటి పేజీ, చివరి పేజీ. తర్వాత మధ్యలో పేజీల అంకెలు వరసగా ఉన్నాయా లేదా. పుస్తకాలు సాధారణంగా పదహారు పేజీల ఫారాలుగా కుట్టి ఉంటాయి. ఊడితే ఒక్క పేజీ కాదు, ఫారం మొత్తం ఊడుతుంది. ఒకసారి నేను చాలా ఏళ్ళుగా వెతుకుతున్న కథల సంపుటి దొరికిందన్న సంతోషంలో ఇవేవీ చూడలేదు. ఇంటికి వెళ్ళి రాత్రి చదువుతుంటే ఆఖరి కథ మధ్యలో ఆగిపోయింది. ఆ కథ ముగింపు కోసం ఇంకో ప్రతి దొరికే దాకా రెండేళ్ళు పట్టింది. అప్పటి నుంచి ముందు చివరి ఫారం చూస్తాను. అట్ట చిరిగినా, చెమ్మ మరకలున్నా పరవాలేదు. చెద సొరంగాలు, సన్నటి గుండ్రటి రంధ్రాలు ఉంటే మాత్రం ఎంత ఇష్టమైనా ఆలోచించండి, మీ బీరువాలో మిగతా పుస్తకాలకీ పాకుతుంది.

బేరం ఇక్కడ వేరు. నాలుగైదు కలిపి కట్టగా అడిగితే తగ్గిస్తారు. మీకు ఎక్కువ కావాల్సిన పుస్తకాన్ని కట్టలో మధ్యలో పెట్టండి, అన్నిటికంటే పైన పెట్టకండి. పాత ప్రతి, ఇక దొరకని ముద్రణ అయితే అడిగిన ధర ఇచ్చేయండి. రేపు వద్దామనుకుంటే అది ఉండదు. లోపలి పేజీలో ఎవరో రాసుకున్న పేరు, తేదీ, "పెళ్ళిరోజు కానుక" లాంటి మాటలు కనిపిస్తే చెరపకండి. పక్కన మీ పేరు, ఈ ఆదివారం తేదీ రాసుకోండి.

పన్నెండున్నరకి ఎండ తల మీదకి వస్తుంది. సంచి బరువెక్కుతుంది. 1935లో ఇరానీలు పెట్టిన గ్రాండ్ హోటల్ అక్కడికి దగ్గరే. మాంసాహారులు బిర్యానీ చెప్పి, తర్వాత చాయ్ తీసుకుని, ఆ బల్ల మీదే పుస్తకాలు బయటికి తీసి ఒకసారి చూసుకోండి. ఇంటికి వెళ్ళే బస్సు కోఠిలో ఎక్కితే సీటు దొరుకుతుంది. కుండ కొనడం మరిచిపోయి ఉంటే ఇప్పుడు తీసుకోండి.

ఇంటికి వెళ్ళాక పాత పుస్తకాల్ని నేరుగా బీరువాలో పెట్టకండి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, రెండు మూడు రోజులు గాలి ఆడే చోట, నీడలో, కొంచెం తెరిచి నిలబెట్టండి. నేరుగా ఎండలో పెడితే కాగితం పెళుసవుతుంది. ఉగాది పచ్చడికి తెచ్చిన వేపరెమ్మల్లో ఆకులు మిగులుతాయి కదా, వాటిని బాగా ఆరబెట్టి, ఒక్క చెమ్మచుక్క లేదని చూసుకుని, పేజీల మధ్య అక్కడక్కడా పెట్టండి.